కడియంలో పట్టని పిల్ల

రోహిణి కార్తె, ఎండ

రోజూ జరిగింది చెప్పమని కొండమీద మన్యంలో ఉన్న మా సంస్థ ఆఫీసువాళ్ళు ఈ రాతపెట్టె పంపారు. నేను మాట్లాడితే అది రాసుకుంటుంది. నిన్న పరీక్షకి పెట్టి చూస్తే నా దగ్గూ తిట్లూ కూడా పొల్లు పోకుండా రాసింది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నా పేరు శేషారత్నం. చలివేంద్రం సంస్థ తరఫున ఈ గట్టు మీద, గొట్టాల నోటి దగ్గర, అంబలి కేంద్రం నడుపుతున్నాను. వంట నాదే, దెబ్బలకి కట్లు కట్టడం నాదే, తెర మీద పాఠాలు చెప్పే మా తెర పంతులు మొరాయించిన రోజున పాఠం చెప్పడమూ నాదే. పంతులు వారంలో సగం రోజులు మొరాయిస్తాడు. ఉప్పుగాలి పడదట ఆయనకి.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఇక్కడ రోళ్ళు లేవు కాబట్టి మా పాదాలు పగులుతున్నాయి. పొద్దున్నే ఆటు మొదలవగానే పిల్లలు గొట్టాల్లోకి దూరారు. ఒక్కొక్కరి నడుముకీ తాడు, ఆ తాడు కొస బయట ఇంటివాళ్ళ చేతిలో. గొట్టం గోడలకి పట్టిన గుల్లల్ని రేకుతో గీకి, నాచు పీకి, గోనెలో నింపుకుని వెనక్కి పాకుతూ రావాలి. పోటు తిరిగేలోగా రావాలి. గుల్లలు కత్తుల్లా కోస్తాయి. నేను పసుపూ కొబ్బరినూనే కలిపి మోకాళ్ళకీ మోచేతులకీ రాసి గుడ్డ చుడతాను. ఆ తర్వాత రాగంబలి.

గట్టు కింది వరస ఇళ్ళలో ఉండే అప్పన్న పెద్ద కూతురు నూకాలుకి పదేళ్ళుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. రోజూ అంబలి గిన్నె అందుకుని పరికిణీ కుచ్చిళ్ళలో దాచి ఇంటికి పట్టుకుపోయేది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పట్టుకున్నాను. ఇక్కడే కూర్చుని తినాలన్నది సంస్థ నియమం. ఇంటికి వెళ్తే ఆ గిన్నెలో నాలుగు చేతులు పడతాయి, పనిచేసిన పిల్లకి మిగిలేది అడుగంటిన తెట్టే. అందుకని ఎదురుగా కూర్చుని తాగించాను.

"సాల్ మామ్మా" అంది సగానికే.

"సాలదు" అన్నాను దాని యాసలోనే, నవ్వుతుందేమోనని. నవ్వలేదు. గిన్నె ఖాళీ చేసి, కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఆకలిలేని పిల్లని నేనింతవరకూ చూడలేదు, దీనికేదో మొండితనం ఉంది. అప్పట్నుంచీ రోజూ ఇలాగే కూర్చోబెట్టి తాగిస్తున్నాను.


రోహిణి కార్తె, చివరి రోజులు

గట్టు పెద్ద వీర్రాజు గారు పసుపు కావాలని వచ్చారు. కాలికి మేకు గుచ్చుకుందట. కట్టు కడుతూ ఉంటే ఆయన మామూలు పాట ఎత్తుకున్నారు. సముద్రం పైకి వచ్చిన రోజుల్లో ఇంటికో తట్ట రాయి వంతు పెట్టుకుని ఈ గట్టు కట్టుకున్నారట. వాళ్ళ నాయనమ్మ నిండు నెలల మీద కూడా తట్ట మోసిందట. ఆ వంతే ఇవాళ్టికీ నడుస్తోంది. బయట సముద్రం, లోపల పల్లంలో ఊరు. వాన నీళ్ళన్నీ ఆటు సమయంలో ఈ గొట్టాల్లోంచే బయటికి పోవాలి. గొట్టాలు పూడితే ఊరు చెరువవుతుంది. కాబట్టి గొట్టాలు బాగుచేసే వంతు ప్రతి ఇంటికీ ఉంది.

పై వరస ఇళ్ళకి కూడానా అని అడిగాను, తెలిసే. వాళ్ళకీ ఉందన్నారు. వాళ్ళు తమ పిల్లల్ని పంపరు. బియ్యమిచ్చి కింది వరస పిల్లల చేత తమ వంతు కూడా చేయిస్తారు. అందరికీ ఒకటే నియమం అని ఆయన గర్వంగా అన్నారు. ఎవరికి ఒకటో నాకు అర్థమైంది గానీ, కాలు నా చేతిలో ఉండగా మనిషితో తగువెందుకని ఊరుకున్నాను.

గొట్టం నోటి పక్కన గోడకి ఒక ఇనప కడియం వేలాడుతూ ఉంటుంది. గొట్టం ఎంత లావో కడియం అంత. కార్తె మారినప్పుడల్లా పిల్లలందరినీ అందులోంచి దూరిస్తారు. భుజాలు పట్టిన పిల్ల పనికి పనికొస్తుంది. పట్టకపోతే పనిలోంచి విడుదల. సాయంత్రం నూకాలు చెల్లెలు బుల్లి ఆ కడియంలోంచి అటూ ఇటూ దూరుతూ ఆడుకుంటోంది. ఆరేళ్ళ పిల్ల, కడియంలో ఇంకో బుల్లికి చోటుంది. నూకాలు ఎక్కణ్ణుంచి చూసిందో పరుగున వచ్చి చెల్లెలి వీపు మీద ఒక్కటి చరిచింది. ఎప్పుడూ చెయ్యి ఎత్తని పిల్ల. నేను అరిచాను గానీ అది నా వైపు చూడనైనా లేదు. చెల్లెల్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది.


మృగశిర కార్తె, మొదటి చినుకులు

మంచి వార్త. నూకాలు కడియంలో పట్టలేదు.

ఇన్నాళ్ళ అంబలి ఊరికే పోలేదు. బుగ్గలు వచ్చాయి, భుజాలు విచ్చుకున్నాయి. కడియం దగ్గర వీర్రాజు గారి మనిషి ఒకసారి అటు తిప్పి, ఒకసారి ఇటు తిప్పి, చేతులు పైకెత్తమని చూశాడు. నూకాలు ఊపిరి బయటికి వదిలి బిగబట్టుకుంది. అయినా పట్టలేదు. పో, నీకు విడుదల అన్నాడు. నేనప్పటికే బెల్లం కొట్టి సిద్ధంగా ఉంచాను. ఒక పిల్ల కడియం దాటితే కేంద్రంలో అందరికీ బెల్లం పంచడం మా ఆనవాయితీ. కడియం పక్కన నిలబెట్టి ఫోటో తీయించాను, మన్యం ఆఫీసుకి పంపాలి.

ఫోటోలో ఏడుస్తోంది. సంతోషం పట్టలేక అనుకున్నాను. బెల్లం ముక్క చేతిలోనే కరిగిపోయింది.

ఆఫీసు నుంచి కాశీపతి గారు తెర మీదికి వచ్చి స్వయంగా అభినందించారు. కొండ మీద చలి కాబోలు, శాలువా కప్పుకున్నారు. ఈ ఏడు విముక్తుల సంఖ్య బాగుందనీ, మా కేంద్రం అంబలి మిగతా కేంద్రాలకి ఆదర్శమనీ అన్నారు. పొగడ్త ఎవరికి చేదు? రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.


మృగశిర, మర్నాడు

ఆ రెండు ముద్దలూ తినకుండా ఉండాల్సింది.

పొద్దున గొట్టం నోటి దగ్గర బుల్లి నిలబడి ఉంది. నడుముకి అక్క తాడు. పొడవెక్కువై రెండు చుట్లు చుట్టారు. చేతిలో అక్క రేకు. తాడు కొస పట్టుకుని నూకాలు.

అరుస్తూ వెళ్ళాను. వీర్రాజు గారి మనిషి తాపీగా చెప్పాడు. విడుదలైంది పిల్ల, వంతు కాదు. వంతు ఇంటిది. ఇంట్లో కడియంలో పట్టే పిల్ల ఇంకోటి ఉందిగా.

అప్పుడు గానీ తెలిసిరాలేదు నాకు. ఈ గట్టు మీదికి వచ్చి ఎన్ని వానాకాలాలు గడిచాయో, ఎన్నిసార్లు బెల్లం పంచానో. ప్రతిసారీ మర్నాడు ఒక చిన్న మొహం కొత్తగా అంబలికి వచ్చేది. కొత్త పిల్ల వచ్చిందని సంతోషంగా గిన్నె అందించేదాన్ని. తద్దినం కొని తెచ్చుకున్నట్టు ఆ ఇళ్ళ మీదికి ఈ గతి నేనే తెచ్చిపెట్టానని ఒక్కసారైనా తోచలేదు.

బుల్లి లోపలికి దూరింది. నూకాలు తాడు వదులుతూ, వదులుతూ, లోపలికి పాట పాడుతోంది. పాట వినిపిస్తే పిల్ల భయపడదని. నేను వింటూ అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నం అప్పన్న దగ్గరికి దెబ్బలాటకే వెళ్ళాను. మనిషికి నలభై నిండలేదు, చూస్తే నా వయసువాడిలా ఉంటాడు. ఒకప్పుడు గొట్టం పిల్లాడే. ఒక భుజం కిందికి జారిపోయింది. మాట మధ్యలో దగ్గు. భార్య నాచు తెప్పల మీద పనికి వెళ్ళి వారానికోసారి వస్తుంది. సముద్రం మీదికి మనిషి లేని పడవలు వచ్చాక వేట చేతిలోంచి పోయింది. గొట్టంలో పెరిగినవాడికి ఇంకో పని రాదు.

సిగ్గు లేదా, పసిగుడ్డుని పంపుతావా అని నోటికొచ్చినట్టు అన్నాను. అంతా విన్నాడు. నేను ఆయాసపడి ఆగాక అప్పుడు మాట్లాడాడు.

"వొంతు ఇయ్యకపోతే ఇల్లు తీసేసి తెప్పల వాడకి తోలేస్తారమ్మా. గట్టు బయట. కిందటి తుపానుకి ఆ వాడలో ఎందరు మిగిలినారో మీరూ సూసినారు" అన్నాడు. కొంచెంసేపు దగ్గాడు. "పెద్దదానికి ఇంట్లో సగం కడుపుకే ఎట్టీవోళ్ళం. ఎదగకుండా. మా అయ్యా నాకలాగే ఎట్టినాడు. ఇంకో రెండేళ్ళు అది కడియంలో పట్టీదే, ఈలోగా సిన్నదానికి కూసింత బుద్ధొచ్చును. మీరు దగ్గర కూసోబెట్టి తాగించినారు, అదెదిగిపోనాది. మీ తప్పని అన్ను. పిల్లకి కూడెట్టడం తప్పెలాగవుతాది?"

తిట్టినా బాగుండేది.


ఆరుద్ర కార్తె

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. కురుస్తోంది. మిగతాది ఎవరిని అడగాలో తెలియదు.

కాశీపతి గారికి ఉన్నదంతా చెప్పాను. గొట్టాలు గీకే మర ఒకటి పంపించండి, పిల్లలకి అంబలి పోసి ఆ బలంతో గొట్టంలోకి తోలడం నా వల్ల కాదన్నాను. ఆయన చెడ్డమనిషి కాదు. శాలువా సర్దుకున్నారు. అప్పుడన్నారు:

"శేషారత్నం గారూ, గొట్టానికి ఎవరూ దానం చెయ్యరమ్మా. పిల్లలకి చేస్తారు. బొమ్మలో పిల్ల ఉండాలి."

పిల్ల గొట్టంలోనే ఉందండీ అన్నాను. తెర ఆగిపోయింది. ఉప్పుగాలో, ఆయనే ఆపారో.

నూకాలుకి ఇప్పుడు పని లేదు, తెర పంతులు దగ్గర కూర్చోవచ్చు. పలక ఇచ్చి కూర్చోబెట్టాను. ఆటు మొదలయ్యే వేళకి లేచి పోతుంది, తాడు పట్టుకోవడానికి. తాడు ఇంకొకరికి ఇమ్మంటే ఇవ్వదు. మొన్న బుల్లి లోపల ఎక్కడో తట్టుకుని ఆగిపోయింది. నూకాలు లాగకుండా, వదలకుండా, తాడుని వేళ్ళతో తడుముతూ గొట్టంలోకి మాట్లాడుతూ కూర్చుంది. ఎడం చెయ్యి ముందుకెట్టు, ఊపిరి వొదులు, ఇంకోపాలి వొదులు. పిల్ల బయటికి వచ్చేసరికి పోటు నీళ్ళు దాని పాదాల వెంటే వచ్చాయి. ఆ రోజునుంచి బుల్లి మాట్లాడ్డం మానేసింది. వాగుడుకాయ అని నేనే పేరు పెట్టాను దానికి. ఇప్పుడు గిన్నె చాపి నిలబడుతుంది, అంతే.


పునర్వసు కార్తె

మన్యం నుంచి పడవ వచ్చింది, కొత్త గొట్టాల నమూనాలతో. పాతవి తుప్పు పట్టాయి, వానలు వెనకబడగానే మారుస్తారట. చూడ్డానికి వెళ్ళాను. అదే సన్నం. కడియం తెచ్చి పెడితే సరిగ్గా సరిపోయేంత.

వీర్రాజు గారింటికి వెళ్ళి అడిగాను, ఎలాగూ మారుస్తున్నప్పుడు పెద్ద గొట్టం వెయ్యొచ్చు కదా అని. వంగి నడిచే గొట్టం ఒకటి వేస్తే ఈ సన్నవన్నీ అక్కర్లేదు, పెద్దవాళ్ళే దిగి శుభ్రం చేసుకోవచ్చు. ఆయన ఓపిగ్గానే చెప్పారు. పెద్ద గొట్టానికి గట్టుని వెడల్పుగా తవ్వాలి. చుట్టూ రాతికట్టు కట్టాలి. అంత రాయి ఎవరు మోస్తారు? సన్న గొట్టమైతే గట్టు కదలదు. మర పెడదామంటే, ఒకప్పుడు పెట్టారట, ఉప్పుకి కొన్నాళ్ళకే తినేసింది.

"మరకి ఉప్పు పడదమ్మా, పిల్లలకి పడుతుంది. పైగా ఇదివరకటిలా కాదు కదా. మీ సంస్థ ఉంది. అంబలి పోస్తున్నారు, కట్లు కడుతున్నారు. మీరున్నారనే ధైర్యంతోనే ఈసారీ సన్నవే చెప్పాం."

పొగడ్తగానే అన్నారు. చేతులు కూడా జోడించారు.

గొట్టాలు సన్నగా ఉన్నాయి కాబట్టి పిల్లలు దిగుతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పిల్లలు ఉన్నారు కాబట్టి గొట్టాలు సన్నగా వేస్తున్నారు. ఆ పిల్లలు చచ్చిపోకుండా నేను చూసుకుంటున్నాను కాబట్టి మళ్ళీ సన్నవే వేస్తున్నారు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. అక్కడే పెట్టేసి లేచాను.

గుమ్మం దాటుతుంటే ఆ నాయనమ్మ గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి అడిగాను. మీ నాయనమ్మ గారు మోసింది తట్టే కదండీ? వంతంటే ఇంటికో తట్ట. ఇంటికో పిల్ల అని ఎవరన్నారు? రాయి మోసే ఇల్లు వంతు ఇచ్చినట్టా, కాదా?

ఆయన గోడ మీద నాయనమ్మ పటం వైపు చూశారు. ఇచ్చినట్టే అన్నారు, నెమ్మదిగా. పడవ మఖ కార్తెలో మళ్ళీ వస్తుంది. అప్పటికి రాతికట్టుకి చాలినంత రాయి గట్టు మీద పోగుపడితే పెద్ద గొట్టానికి కబురు పెడతానన్నారు. లేకపోతే సన్నవే. అప్పటిదాకా పాత గొట్టాలు ఎప్పటిలాగే పిల్లలు బాగుచెయ్యాలి.


పుష్యమి కార్తె

మునిగిన ఊళ్ళ గోడలు ఆటు వేళ బయటపడతాయి. ఆ రాయి తవ్వి మోస్తున్నాం.

మొదటిరోజు అప్పన్న ఒక్కడే వచ్చాడు, ఒక భుజంతో. దగ్గుతూ మోస్తున్నాడు, మోస్తూ దగ్గుతున్నాడు. రెండోరోజు వాళ్ళావిడ తెప్పల పని మానుకుని వచ్చింది. తర్వాత కింది వరస అంతా వచ్చింది. పై వరసవాళ్ళు మేడల మీంచి చూస్తున్నారు. ఒకావిడ తన వంతు రాయి కూడా మోయించమని బియ్యం పంపింది. వెనక్కి పంపేశాను, మీరే మొయ్యండి, ఒంటికి మంచిదని.

మోసేవాళ్ళకి అంబలి నేనే పోస్తున్నాను. పిల్లల రాగులు పెద్దవాళ్ళకి పెడుతున్నానని కాశీపతి గారికి ఎవరో చేరవేశారు. ఆయన తెర మీద గట్టిగానే మాట్లాడారు. దాతలు పసిపిల్లల కోసం ఇచ్చిన ధాన్యం, కూలీలకి పొయ్యడం నమ్మకద్రోహం అన్నారు. కూలీలు కారండీ, అమ్మానాన్నలు అన్నాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు చెయ్యకండి, నన్ను తీసేస్తే తీసెయ్యండి, కొత్తగా వచ్చే ఆవిడకి గరిటె అప్పజెప్పి నేనూ రాయి మోస్తానన్నాను.

వారం తిరక్కుండా రాగులు తెచ్చే డ్రోన్ మామూలు కంటే బరువుగా దిగింది. అదనపు బస్తాలు. కాశీపతి గారు తెర మీదికి రాలేదు, మాట మాత్రం పంపారు: అన్నిటినీ పిల్లల అంబలి కిందే లెక్క చెప్పండి. మనిషిని తప్పుగా అనుకున్నాను. ఆయనకీ ఒక కడియం ఉంది, అందులోంచే దూరుతున్నాడు పాపం. ఈ వాక్యం రాతపెట్టె తీసేస్తుందేమో అడిగాను. తియ్యదట.


ఆశ్లేష కార్తె, ముసురు

కార్తె మారింది, కడియం పరీక్ష. నూకాలు వచ్చి వరసలో నిలబడింది.

నీకెందుకే, నీకు విడుదలైపోయిందిగా అన్నాను. నా వైపు చూడలేదు. వీర్రాజు గారి మనిషి ముందు చేతులు పైకెత్తింది. తల దూరింది. భుజాలు కాస్త రాసుకుంటూ దూరాయి. పట్టింది.

అప్పుడు చూశాను. రాళ్ళ హడావుడిలో పడి దాన్ని సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో. బుగ్గలు లేవు. మెడ ఎముకలు బయటికి వచ్చాయి. నేను పోసిన అంబలి రోజూ తీసుకెళ్ళి చెల్లెలి గిన్నెలో ఒంపుతోందట. మిగతా పిల్లలందరికీ తెలుసు. నాకే తెలియదు.

బుల్లి నడుముకున్న తాడు విప్పి తన నడుముకి కట్టుకుంటోంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. కోపమొచ్చిందంటే చాలదు, కొట్టాలనిపించింది. ఎవర్నో తెలియలేదు.

"బుల్లి లోపలుంటే నాకు ఊపిరాడదు మామ్మా" అంది. "నానుంటే నాకాడతాది. నాకా దారి తెల్సు. పెద్ద గొట్టం ఒచ్చినదాకా నాకు సగమే పొయ్యి. మూతి కాడ కూసుని తాగించకు. నీకు దండమెడతాను."

ఈ పెట్టె ముందు అబద్ధం చెప్పను. సాయంత్రం అంబలి దగ్గర గరిటె ముంచి చాలాసేపు నిలబడ్డాను. నిండుగా పోస్తే ఇది ఎదుగుతుంది, ఆరేళ్ళది లోపలికి పోతుంది. సగం పోస్తే ఇది ఎండుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నూతిలోనూ గోతిలోనూ పడేది నేను కాదు, అదీ అసలు ఏడుపు. సగం పోశాను. జీవితమంతా పిల్లలకి అన్నం పెట్టి బతికినదాన్ని, నా చేతులతో ఒక పిల్లకి సగం పోశాను. అది తాగి, కడిగి, బోర్లించి, నన్ను చూసి మొదటిసారి నవ్వింది.


మఖ కార్తె

పడవ వచ్చింది. రాయి సరిపోయింది. వీర్రాజు గారు పోగు చుట్టూ రెండుసార్లు తిరిగి, పెద్ద గొట్టానికి కబురు పెట్టారు. చివరి రోజుల్లో ఆయన కూడా ఒక తట్ట మోశారు. నాయనమ్మ చూస్తోందని కాబోలు. ఆయన్ని చూసి పై వరసలోంచి కూడా కొందరు దిగివచ్చారు.

కొత్త గొట్టం స్వాతికి గానీ రాదు. ఈలోగా వానలు. నూకాలు రోజూ దిగుతోంది. తాడు అప్పన్న పట్టుకుంటున్నాడు, ఇంకెవరికీ ఇవ్వడు. బుల్లి మెల్లమెల్లగా మాట్లాడుతోంది. నిన్న నన్ను ముసలిదానా అంది. ఎంత సంతోషమైందో.


హస్త కార్తె

నూకాలుకి దగ్గు పట్టుకుంది. పసుపు పాలు, మిరియాల కషాయం, తులసి, నాకు తెలిసినవన్నీ అయ్యాయి. పని మానెయ్యమంటే మానదు. మిగిలింది కొన్నాళ్ళే కదా మామ్మా అంటుంది. దాని దగ్గు గొట్టంలోంచి వినిపిస్తుంటే అప్పన్న తాడు పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. రెండు దగ్గులూ ఒకేలా ఉన్నాయి.

మన్యం డాక్టరమ్మ తెర మీద చూసింది. రాతపెట్టె దాని గుండెకి ఆనించమంది, వీపుకి ఆనించమంది, ఊపిరి తీయించింది. పిల్లని బయటికి పంపమంది. తర్వాత చెప్పింది. గుల్లల పొడీ, నాచు తడీ ఊపిరితిత్తుల్లో గూడు కట్టాయట. నిండుగా తినే పిల్ల అయితే తట్టుకునేదట. ఈ ఒంట్లో తట్టుకునేందుకేమీ లేదట. ఇంకెన్ని వానాకాలాలు అని అడిగాను. అలా అడక్కండమ్మా అంది డాక్టరమ్మ, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. చిన్నపిల్లే ఆవిడా.

అప్పన్నకి చెప్పాను. ఆయనకి ముందే తెలుసు.


స్వాతి కార్తె

ఇవాళ పెద్ద గొట్టం నోరు తెరిచారు.

మొదటి వంతు అప్పన్న ఇంటిది. పార భుజాన వేసుకుని, దీపం పట్టుకుని, నడుం వంచి లోపలికి నడిచాడు. పాకలేదు, నడిచాడు. వెనకాల వాళ్ళావిడ, ఆ వెనక కింది వరస మగవాళ్ళూ ఆడవాళ్ళూ. వీర్రాజు గారు గట్టు మీద నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. పాత గొట్టాల మూతులకి రాయీ సున్నం పెట్టి మూసేశారు. కడియాన్ని ఎవరో పీకి సముద్రంలోకి విసిరేశారు.

పిల్లలకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆటు మొదలవగానే అలవాటుగా వచ్చేశారు, వచ్చి ఖాళీ చేతులతో నిలబడ్డారు. కాసేపటికి బుల్లి ఒక రాయి తన్నింది. అంతే, అందరూ దాని వెంట పడ్డారు. ఆ గోలకి తెర పంతులు పాఠం ఎవరికీ వినిపించలేదు. ఈ ఒక్క రోజుకి ఊరుకున్నాను.

కాశీపతి గారు తెర మీదికి వచ్చి, ఈ ఏడు ఎంతమంది విముక్తులని చెప్పమంటారని అడిగారు. దాతలకి ఫోటో కూడా కావాలట. ఒక్కటే అన్నాను, గొట్టం. ఫోటో గొట్టానిదే పంపాను. ఆయన నవ్వారు, అదే పంపిస్తానన్నారు. ఇంకో గట్టు మీద మన కేంద్రం ఉంది, అక్కడివాళ్ళకి ఈ రాయి సంగతి చెప్పగలరా అని అడిగారు. చెప్తానన్నాను.

నూకాలు ఆటకి వెళ్ళలేదు. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చుంది. ఎండలో దాని చెవులు పల్చగా, లోపలి నరాలు కనిపిస్తున్నాయి. చెల్లెలు పరిగెడుతుంటే చూస్తోంది. మధ్యమధ్య దగ్గు వచ్చి ఆగుతోంది. నేను గిన్నె కడిగి తెచ్చాను. గరిటె ముంచుతుంటే అది నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎప్పటిలాగే సగం చాలంటుందనుకున్నాను.

"మామ్మా, ఇంక నాను ఎదగొచ్చా?" అంది.

"ఎదుగు తల్లీ. ఎంత కావాలంటే అంత ఎదుగు" అన్నాను.

గిన్నె నిండా పోశాను. రెండు గుక్కలు తాగి, కడుపు నిండిపోయిందంది. మిగతాది నెమ్మదిగా తాగుతానని గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. అంబలి చల్లారేదాకా నేను పక్కనే కూర్చున్నాను.